చక్ బెర్రీ చౌక హిట్స్ ఆల్బమ్ కొనేముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

"బెస్ట్ ఆఫ్ చక్ బెర్రీ" అని తక్కువ ధరకు దొరుకుతోంది. కొనవచ్చా?

కొనవచ్చు. కాకపోతే ఆ పేరుతో ఒకే ఆల్బమ్ లేదు. దేశానికొకటి, కంపెనీకొకటి చొప్పున డజన్ల కొద్దీ ఉన్నాయి. పాటల పేర్లు దాదాపు అన్నిటిలో అవే. లోపలున్న రికార్డింగులు మాత్రం వేరు వేరు. 1955 నుంచి 1964 వరకు చికాగోలోని చెస్ రికార్డ్స్‌కు పాడినవైతే కళ్ళు మూసుకుని తీసుకోండి. 1966, 67 ప్రాంతంలో మెర్క్యురీ కంపెనీకి అవే పాటలు మళ్ళీ పాడినవైతే ఎంత చౌకైనా వదిలేయండి. ఏది ఏదో తెలుసుకోవడం ఎలాగన్నదే ఈ పేజీలో ఎక్కువ భాగం.

అసలు చక్ బెర్రీ ఎవరు? ఒక్క పేరాలో చెప్పండి.

1926 అక్టోబరు 18న అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పుట్టిన నల్లజాతి గాయకుడు, గిటారిస్టు, పాటల రచయిత. 1952 చివరి రోజున ఒక సాక్సోఫోన్ వాద్యకారుడికి ఒంట్లో బాగోక, ఆ ఖాళీలో పియానిస్టు జానీ జాన్సన్ బృందంలోకి వచ్చాడు. 1955లో చికాగో వెళ్ళి, తాను ఆరాధించే బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్‌ను కలిసి పాట ఎక్కడ రికార్డు చేయించుకోవాలని అడిగితే, చెస్ రికార్డ్స్ యజమాని లెనర్డ్ చెస్‌ను కలవమని ఆయన చెప్పాడు. ఆ మే నెలలోనే "మేబెలీన్" రికార్డయింది. అమెరికా పాప్ జాబితాలో 5వ స్థానానికి, రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో మొదటి స్థానానికి చేరింది. తర్వాతి పదేళ్ళలో ఆయన రాసి, వాయించి, పాడినవే రాక్ అండ్ రోల్‌కు అక్షరమాల అయ్యాయి. బీటిల్స్, రోలింగ్ స్టోన్స్ ఆ పాటలు పాడుతూనే పెరిగారు. స్టోన్స్ 1963లో విడుదల చేసిన మొట్టమొదటి సింగిల్ (వైపుకొక పాట ఉండే చిన్న రికార్డు) "కమ్ ఆన్" కూడా ఈయన పాటే. 2017 మార్చి 18న, తొంభై ఏళ్ళ వయసులో చనిపోయాడు.

ఒకే పాటను రెండుసార్లు ఎందుకు పాడాడు?

వ్యాపారం కోసం. 1966లో ఆయన చెస్ వదిలి మెర్క్యురీకి వెళ్ళాడు. పాత రికార్డింగుల మాస్టర్ టేపులన్నీ, అంటే స్టూడియోలో తయారైన అసలు టేపులన్నీ, చెస్ దగ్గరే ఉండిపోయాయి. కొత్త కంపెనీకి ఆయన పాత హిట్లు కావాలి, కానీ ఆ టేపుల మీద దానికి హక్కు లేదు. అందుకని ఆయన్నే మళ్ళీ స్టూడియోలో నిలబెట్టి అవే పాటలు కొత్తగా పాడించారు. 1967లో "చక్ బెర్రీస్ గోల్డెన్ హిట్స్" పేరుతో మెర్క్యురీ వాటిని విడుదల చేసింది. అట్ట మీద పేరు చూసినవారికి ఇవి పాత రికార్డింగులు కావన్న అనుమానమే రాదు.

"పాడింది ఆయనే కదా, ఏ సంవత్సరమైతే ఏమిటి?" అని చాలామంది అడుగుతారు. మన దగ్గర ఒకప్పుడు ఘంటసాల పాటలని ముఖచిత్రం వేసి, లోపల వేరొకరి గొంతుతో కేసెట్లు అమ్మేవారు. అక్కడ మోసం వెంటనే చెవికి తెలిసిపోయేది. ఇక్కడ గొంతు అదే మనిషిది కాబట్టి తెలుసుకోవడం కష్టం. కానీ 1955లో "మేబెలీన్" పాడినవాడు ఇరవై ఎనిమిదేళ్ళ పెళ్ళయిన మనిషి. పాట ఆడకపోతే సెయింట్ లూయిస్‌లో పాత బతుకుకే తిరిగి వెళ్ళాలి. 1967లో పాడినవాడు పేరూ డబ్బూ వచ్చేసిన నలభై ఏళ్ళ కళాకారుడు, ఒప్పందం ప్రకారం ఒక పని పూర్తి చేస్తున్నాడు. రెండూ పక్కపక్కన వింటే ఆ తేడా వినబడుతుంది.

అట్ట చూసి ఎలా గుర్తుపట్టాలి?

వెనక వైపు చిన్న అక్షరాలు చదవండి. "చెస్" అన్న మాట ఎక్కడైనా ఉందా అన్నది మొదటి ప్రశ్న. వృత్తంలో పీ అక్షరం ఉన్న గుర్తు పక్కన ఉండే సంవత్సరం ధ్వనిముద్రణ హక్కుకు సంబంధించినది. వృత్తంలో సీ అక్షరం పక్కనున్నది అట్టకు, అచ్చుకు సంబంధించినది. రెండో దాన్ని చూసి రికార్డింగు వయసు లెక్క కట్టకండి.

యూనివర్సల్ అనే పెద్ద సంగీత కంపెనీ పేరు కనిపిస్తే చాలు, అసలు సరుకేనని కొందరు అనుకుంటారు. అది సరిపోదు. చెస్ చేతులు మారి మారి చివరికి ఎంసీఏ అనే కంపెనీ ద్వారా యూనివర్సల్‌కు చేరింది. మెర్క్యురీ కూడా తన మాతృసంస్థ పాలీగ్రామ్‌తో పాటు 1998లో అదే గొడుగు కిందికి వచ్చింది. కాబట్టి మంచి రికార్డింగులకూ, మళ్ళీ పాడినవాటికీ ఇప్పుడు యజమాని ఒకరే.

పాటల జాబితా కూడా ఆచూకీ ఇస్తుంది. అందులో "క్లబ్ నిట్టీ గ్రిట్టీ" ఉంటే అది మెర్క్యురీ ఆల్బమేనని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. ఆ 1967 ఆల్బమ్‌లో పాత హిట్ల మధ్య కలిపిన కొత్త పాట అది. "రీ-రికార్డెడ్", "న్యూలీ రికార్డెడ్ బై ద ఒరిజినల్ ఆర్టిస్ట్" లాంటి మాటలు మూలన ఎక్కడో నలకల్లా అచ్చయి ఉంటే, ఇక వెతకనక్కర్లేదు.

చెవితో గుర్తుపట్టడం సాధ్యమేనా?

సాధ్యమే, పైగా అదే అసలు పద్ధతి. "మేబెలీన్" పెట్టుకోండి. చెస్ రికార్డింగులో గిటారు గొంతు కాస్త చీలినట్టు ఉంటుంది. ఆంప్లిఫయర్ మోయగలిగిన దానికంటే ఎక్కువ శబ్దం దానిలోంచి వస్తున్నట్టు ఆ గరుకుదనం మొదటి క్షణం నుంచే పట్టేస్తుంది. కింద విల్లీ డిక్సన్ నిలువు బాస్, ఎబ్బీ హార్డీ డ్రమ్ములు, జానీ జాన్సన్ పియానో, వాటి మీద జెరోమ్ గ్రీన్ ఊపే మరకాస్ (గింజలు నింపిన గిలక్కాయలు) గలగల. అన్నీ ఒకే గదిలో ఒకరి మీద ఒకరు పడుతున్నట్టు వినిపిస్తాయి. మోనో రికార్డింగు కాబట్టి రెండు చెవుల్లోనూ ఒకే శబ్దం.

మెర్క్యురీ రూపంలో వాద్యాలు కుడివైపు కొన్ని, ఎడమవైపు కొన్ని విడిపోయి ఉంటాయి. శబ్దం శుభ్రంగా ఉంటుంది. ఆ శుభ్రతే పాట ఊపిరి తీసేసిందని నా అభిప్రాయం. ఇయర్‌ఫోన్స్‌లో 1955, 56 నాటి పాట వింటుంటే గిటారు ఒక చెవిలో, డ్రమ్ములు మరో చెవిలో వినిపించాయంటే ముందు అనుమానించండి.

మూడో రకం కూడా ఉంది: కచేరీ రికార్డింగులు. బెర్రీ చాలా ఏళ్ళు సొంత బృందం లేకుండా గిటారు ఒక్కటి పట్టుకుని ఊరూరా తిరిగాడు. ఏ ఊళ్ళో కచేరీ ఉంటే ఆ ఊరి వాద్యకారులనే పెట్టుకునేవాడు, రిహార్సల్ ఉండేది కాదు, డబ్బు నగదుగా ముందే ఇవ్వాలి. అలాంటి రాత్రుల్లో కొన్ని బాగానే ఉన్నాయి, చాలా వరకు లేవు. చౌక ఆల్బమ్ మొదటి పాటలోనే చప్పట్లు వినిపిస్తే జాగ్రత్త పడండి.

చప్పట్లున్నా స్టూడియో పాటలాగే వినిపించే ఆల్బమ్ ఒకటి ఉంది. అదేమిటి?

1963లో చెస్ విడుదల చేసిన "చక్ బెర్రీ ఆన్ స్టేజ్". అప్పుడాయన జైల్లో ఉన్నాడు, కొత్త పాటలు లేవు. స్టూడియో రికార్డింగుల మీద జనం కేకలు, చప్పట్లు కలిపి కచేరీగా అమ్మారు. చెస్ చేసిన మంచి పనులన్నీ మెచ్చుకునే నాకు ఇది మాత్రం మింగుడుపడదు.

ఫోన్‌లో వింటాను. అక్కడ ఎలా తెలుసుకోవాలి?

స్ట్రీమింగ్ యాప్‌లో ఆల్బమ్ పక్కన కనిపించే సంవత్సరాన్ని నమ్మకండి. 1958 నాటి పాటకు 2012 అని ఉంటుంది, మళ్ళీ పాడిన దానికీ అలాగే ఏదో ఒక ఏడాది ఉంటుంది. అది ఆ సంకలనం యాప్‌లోకి ఎక్కిన లేదా విడుదలైన సంవత్సరం మాత్రమే. "ద గ్రేట్ ట్వెంటీ-ఎయిట్" అన్న ఆల్బమ్ వెతికి, అందులోని "జానీ బి. గుడ్" ఒకసారి జాగ్రత్తగా వినండి. అదే మీ కొలబద్ద. మీ చౌక ఆల్బమ్‌లోని అదే పాటను దాని వెంటనే పెట్టండి. నిడివి కొన్ని సెకన్లు అటూ ఇటూ అయితే పట్టించుకోకండి, మొదటి గిటారు ముక్కే నిజం చెప్పేస్తుంది.

ఇంత చౌకగా ఎలా ఇస్తున్నారు? దొంగ సరుకా?

చాలా వరకు కాదు. చౌక ఆల్బమ్‌లు రెండు దారుల్లో వస్తాయి.

మొదటిది, హక్కుదారే తన పాత సరుకును తక్కువ ధరకు అమ్మడం. యూనివర్సల్ 1999లో మొదలుపెట్టిన "ట్వెంటియత్ సెంచరీ మాస్టర్స్: ద మిలీనియం కలెక్షన్" అలాంటిదే. ఒక్కో కళాకారుడివి పది పన్నెండు పాటలు, పలచటి పుస్తకం, తక్కువ ధర. చక్ బెర్రీ సంపుటి కూడా ఆ ఏడాదే వచ్చింది. రికార్డింగుల ఖర్చు ఎప్పుడో తిరిగొచ్చేసింది కనుక కంపెనీకి అచ్చు ఖర్చు తప్ప పెద్దగా ఏమీ ఉండదు. పెట్రోలు బంకుల్లో, సూపర్ మార్కెట్లలో అమ్మడానికి ఈ కొలత సరిగ్గా సరిపోయింది.

రెండో దారి చట్టంలోనే ఉంది. ఐరోపా దేశాల్లో ధ్వనిముద్రణ మీద హక్కు ఒకప్పుడు 50 ఏళ్ళే. 2013 నవంబరులో దాన్ని 70 ఏళ్ళకు పెంచారు గానీ, అప్పటికే గడువు తీరిపోయినవాటికి అది వర్తించలేదు. అంటే 1962 వరకు విడుదలైన రికార్డింగులు అక్కడ ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్, ఫ్యాట్స్ డామినో, అందరి తొలి పాటలూ ఆ గీతకు ఇవతలే పడ్డాయి. నాలుగైదు డిస్కుల పెట్టెలు భోజనం ఖర్చుకు దొరకడానికి కారణం అదే.

ఇక్కడే ఒక పనికొచ్చే గుర్తు దొరుకుతుంది. ఐరోపాలో అచ్చయిన చౌక పెట్టెలో పాటలు 1962తో ఆగిపోతే, "నడీన్", "నో పర్టిక్యులర్ ప్లేస్ టు గో", "యు నెవర్ కెన్ టెల్", "ప్రామిస్డ్ ల్యాండ్" లేకపోతే, అది ఈ గడువు లెక్కతో వచ్చిన పెట్టె. ఆ నాలుగూ 1964వి, ఇంకా హక్కుల్లో ఉన్నవి. అలాంటి పెట్టెలో ఉండేవి చెస్ నాటి రికార్డింగులే కాబట్టి అది కొనదగినదే. కాకపోతే ఆ కంపెనీలకు మాస్టర్ టేపులు దొరకవు. ఏ పాత రికార్డు నుంచో, వేరే వాళ్ళ సీడీ నుంచో ఎక్కించుకుంటారు. ఒక పెట్టెలో శబ్దం నిండుగా, ఇంకో దాంట్లో డబ్బాలోంచి వచ్చినట్టు ఉండటం అందువల్లే.

మాస్టర్ టేపుల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. 2008లో హాలీవుడ్‌లోని యూనివర్సల్ స్టూడియోస్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. కాలిపోయినవాటిలో బెర్రీ చెస్ టేపులు కూడా ఉన్నాయని 2019లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. నష్టాన్ని ఎక్కువ చేసి చెప్పారని సంస్థ వాదించింది. ఆ వార్త చదివినప్పటి నుంచి, 1980ల్లో, 90ల్లో ఆ టేపుల నుంచి తీసిన పాత సీడీల మీద నాకు గౌరవం పెరిగింది. సెకండ్ హ్యాండ్‌లో చౌకగా దొరికితే వదలకండి.

మన దేశంలో చట్టం ఏమంటోంది?

మన కాపీరైట్ చట్టం ప్రకారం ధ్వనిముద్రణ మీద హక్కు, అది విడుదలైన ఏడాది తర్వాతి జనవరి నుంచి లెక్కపెట్టి 60 ఏళ్ళు. ఆ లెక్కన 1955 నాటి "మేబెలీన్" రికార్డింగుకు 2015 చివరితో గడువు తీరింది. మన 1957 నాటి సినిమా పాటల రికార్డింగులకూ ఇదే లెక్క.

అయితే రికార్డింగు వేరు, పాట వేరు. పదాల మీద, బాణీ మీద రచయిత హక్కు ఆయన జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు. బెర్రీ 2017లో పోయాడు కనుక ఇక్కడ అది 2077 దాకా నడుస్తుంది. అమెరికాలో రికార్డింగులకే ఇంకా పెద్ద గడువు ఉంది. 1957 నుంచి 1972 ఫిబ్రవరి మధ్యలోని రికార్డింగులన్నీ 2067 దాకా రక్షణలో ఉంటాయి.

చౌక ఆల్బమ్ కొంటే ఆయన కుటుంబానికి ఏమైనా వెళ్తుందా?

పాట రాసింది ఆయనే కాబట్టి రచయిత వాటా ఉంటుంది. గడువు తీరిన రికార్డింగును అచ్చు వేసినవాళ్ళు కూడా పాట హక్కుకు రాయల్టీ కట్టాల్సిందే. ఎవరో రాసిన పాట పాడి ఊరుకున్న గాయకులకు ఈ అదృష్టం లేదు. తన పాటలు తానే రాసుకోవడం ఆ రోజుల్లో అరుదు.

మరి "మేబెలీన్" కింద పాత రికార్డుల మీద ముగ్గురి పేర్లెందుకు?

కడుపు మండే కథ ఇది. రచయితలుగా బెర్రీతో పాటు అలన్ ఫ్రీడ్, రస్ ఫ్రాటో పేర్లు వేశారు. ఫ్రీడ్ అప్పట్లో చాలా పలుకుబడి ఉన్న రేడియో డీజే. పాట మాటిమాటికీ వేస్తాడని రచయిత వాటాలో భాగం ఇచ్చారు. బెర్రీకి ఆ సంగతి రికార్డు బయటికొచ్చాకే తెలిసింది. తన పాట పూర్తిగా తన పేరుకు తిరిగి రావడానికి 1986 దాకా పట్టింది. మీ దగ్గరున్న ఆల్బమ్ అట్ట మీద ఒక్క పేరుందో మూడున్నాయో చూస్తే, ఆ అచ్చు ఎప్పటిదో కొంత తెలుస్తుంది.

పది పన్నెండు పాటలు సరిపోతాయా? అసలు ఆల్బమ్‌లు వినాలి కదా?

చాలామంది కళాకారుల విషయంలో మీ మాటే నిజం. హిట్స్ సంకలనం వినడం అంటే నవలలో మంచి పేజీలు చింపుకుని చదవడమే. బెర్రీ సంగతి వేరు. ఆయన కాలంలో ప్రాణమంతా సింగిల్‌దే: ఒకవైపు ఒక పాట, వెనక ఇంకొకటి, రెండున్నర నిమిషాల్లో పని పూర్తి. ఎల్పీలు, అంటే ఎక్కువ పాటలు పట్టే పెద్ద రికార్డులు, ఆ సింగిళ్ళనూ, మిగిలిన పాటలనూ పోగుచేసి తర్వాత కట్టినవే. 1959 నాటి "చక్ బెర్రీ ఈజ్ ఆన్ టాప్" తీసుకోండి. "మేబెలీన్", "రోల్ ఓవర్ బీథోవెన్", "జానీ బి. గుడ్", "క్యారల్", "లిటిల్ క్వీనీ", "ఆల్మోస్ట్ గ్రోన్" అన్నీ అందులోనే ఉన్నాయి. అది పేరు మార్చుకున్న హిట్స్ ఆల్బమే. కాబట్టి సంకలనం వింటే ఆయనకు అన్యాయం చేసినట్టేమీ కాదు.

పన్నెండు పాటలతో మొదలుపెట్టండి. మనసు పడితే 1982లో వచ్చిన "ద గ్రేట్ ట్వెంటీ-ఎయిట్"కు వెళ్ళండి. మొదటి పదేళ్ళ నుంచి ఏరిన ఇరవై ఎనిమిది పాటలు, వదిలేయదగినది ఒక్కటీ లేదు. ఒకే ఒక్కటి కొనే ఉద్దేశం, కొంచెం ఎక్కువ పెట్టగల స్తోమతు ఉంటే నేరుగా అదే కొనమంటాను.

ఏ పాటలు లేకపోతే ఆ ఆల్బమ్ కొనకూడదు?

"మేబెలీన్", "రోల్ ఓవర్ బీథోవెన్", "స్కూల్ డేస్", "రాక్ అండ్ రోల్ మ్యూజిక్", "స్వీట్ లిటిల్ సిక్స్‌టీన్", "జానీ బి. గుడ్" ఎలాగూ ఉంటాయి. నేను వెతికేది మిగిలిన చోట్లలో ఏం పెట్టారని. "మెంఫిస్, టెనెసీ", "బ్రౌన్ ఐడ్ హ్యాండ్సమ్ మ్యాన్", "యు నెవర్ కెన్ టెల్", "ప్రామిస్డ్ ల్యాండ్", ఈ నాలుగింట్లో కనీసం రెండైనా ఉంటే ఆ ఏరినవారికి బెర్రీ తెలుసు.

ఇవి డాన్సు పాటలే కదా. పదాల్లో వినదగినది ఏముంది?

చాలా ఉంది. నన్నడిగితే గిటారు కంటే ముందు చెప్పాల్సింది ఆయన రచన గురించే.

"మెంఫిస్, టెనెసీ" వినండి. ఒకడు దూరపు ఫోన్ కాల్ కలపమని ఆపరేటరును బతిమాలుతుంటాడు. మరీ అనే అమ్మాయితో మాట్లాడాలి, ఆమె తల్లి ఒప్పుకోక తామిద్దరూ విడిపోవలసి వచ్చింది అంటాడు. విన్నవాళ్ళం ఇదేదో ప్రేమ కథ అనుకుంటాం. చివరి చరణంలో తెలుస్తుంది, ఆ "మరీ" వయసు ఆరేళ్ళని. ఆమె అతని కూతురు. విడిపోయింది భార్యాభర్తలు, నలిగింది తండ్రీబిడ్డలు. రెండు నిమిషాల చిల్లర పాటలో ఒక చిన్న కథంత బరువు మోయించాడు. గొంతు ఎక్కడా పెంచడు, గిటారు కూడా పక్కన నిలబడి వింటున్నట్టే ఉంటుంది.

"ప్రామిస్డ్ ల్యాండ్" ఒక కుర్రవాడి ప్రయాణం. వర్జీనియాలోని నార్‌ఫోక్‌లో బస్సెక్కి కాలిఫోర్నియా వెళ్తాడు. దారిలో అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో బస్సు చెడిపోయి చిక్కుపడతాడు. 1961లో, బస్సుల్లో జాతి విభజనను ధిక్కరిస్తూ ప్రయాణించిన ఫ్రీడమ్ రైడర్స్ అనే ఉద్యమకారుల మీద మూకదాడులు జరిగిన రాష్ట్రం, ఊరు అవే. బెర్రీ ఆ మాట ఎత్తడు. ఊరి పేరు చెప్పి ముందుకు సాగిపోతాడు. ఆ పేరు వినగానే అప్పటి నల్లజాతి శ్రోతకు ఏం గుర్తొచ్చేదో ఊహించుకోండి. ఈ పాట జైల్లో రాసుకున్నాడు. ఊళ్ళ వరస సరిచూసుకోవడానికి అట్లాసు తెప్పించుకున్నాడు.

1956 నాటి "బ్రౌన్ ఐడ్ హ్యాండ్సమ్ మ్యాన్" పేరులో కళ్ళ రంగు చెప్పాడు, పాట మాత్రం ఒంటి రంగు గురించి. నల్లవాడి అందాన్ని తెల్లవాళ్ళ రేడియోలో పొగడటానికి ఆ రోజుల్లో అంతకంటే తెరిచిన తలుపు లేదు. "జానీ బి. గుడ్"లో లూసియానా పల్లె కుర్రాడికి చదవడం, రాయడం సరిగ్గా రాదు, గిటారు మాత్రం అద్భుతంగా వాయిస్తాడు. మొదట "కలర్డ్ బాయ్" అని రాసుకుని, రేడియోవాళ్ళు వేయరని "కంట్రీ బాయ్" చేశాడు. గుడ్ అన్న ఇంటిపేరు, తాను పుట్టిన వీధి గుడ్ అవెన్యూ నుంచి తీసుకున్నాడు.

గిటారు నేర్చుకుంటున్నాను. ఈ ఆల్బమ్ ఉపయోగపడుతుందా?

ఇంతకంటే మంచి పాఠం లేదు. రెండు తీగలు కలిపి ఒకేసారి మీటడం ఆయన సంతకం. ఒంటి స్వరం బృందం మోతలో మునిగిపోతుంది, రెండు కలిస్తే హారన్ మోగినట్టు పైకి తేలుతుంది. "జానీ బి. గుడ్" మొదటి ముక్క ఆయన శూన్యంలోంచి సృష్టించింది కాదు. లూయిస్ జోర్డన్ 1946 నాటి పాటలో గిటారిస్టు కార్ల్ హోగన్ దాదాపు అదే వాయించాడు. బ్లూస్ గిటారిస్టు టీ-బోన్ వాకర్ వాయించే తీరు నుంచీ చాలా నేర్చుకున్నాడు. బెర్రీ ఆ ముక్క వేగం పెంచి, పాట తలుపు తట్టే చప్పుడుగా మార్చాడు. కుడిచేయి ఎక్కడ ఆగుతుందో గమనించండి. పాడే వాక్యానికి గిటారు జవాబు చెప్పే పద్ధతి నేర్చుకుంటే సగం పని అయిపోయినట్టే. పియానో వైపు కూడా ఒక చెవి వేయండి, జానీ జాన్సన్ లేకుండా ఈ పాటల నడక లేదు.

"మై డింగ్-ఎ-లింగ్" ఉన్నది కొనాలా, లేనిదా?

లేనిది. 1972లో ఇంగ్లండులోని కోవెంట్రీలో కచేరీలో రికార్డయిన ద్వంద్వార్థాల పాట అది. ఆయన జీవితంలో అమెరికా పాప్ జాబితాలో మొదటి స్థానం దక్కింది దీనికే. "జానీ బి. గుడ్" 8 దగ్గరే ఆగింది. పిల్లలతో కారులో వినడానికి ఆల్బమ్ కొంటున్నవారు జాబితాలో ఈ పాట ఉందేమో ముందే చూసుకోవడం మంచిది.

ఆయన జైలుకెళ్ళాడట. అయినా వినాలా?

దాచడానికి ఏమీ లేదు. కుర్రతనంలో సాయుధ దోపిడీ కేసులో సంస్కరణాలయంలో ఉండి 1947లో బయటికొచ్చాడు. పధ్నాలుగేళ్ళ అమ్మాయిని అనైతిక ఉద్దేశంతో రాష్ట్రాల సరిహద్దు దాటించాడన్న నేరం మీద 1962 నుంచి 1963 దాకా శిక్ష అనుభవించాడు. మొదటి విచారణలో న్యాయమూర్తి జాతి వివక్షతో మాట్లాడాడని ఆ తీర్పును పైకోర్టు కొట్టేసింది, రెండో విచారణలోనూ దోషిగానే తేలాడు. 1979లో పన్ను ఎగవేతకు మళ్ళీ జైలు. ఆ అమ్మాయి విషయంలో జరిగింది చిన్న తప్పుగా నేను చూడలేను. జాతి వివక్ష మాట నిజం, నేరం మాట కూడా నిజం. పాటలు వినాలా వద్దా అన్నది మీరే నిర్ణయించుకోవాలి. నేను వింటాను, ఇవన్నీ తెలిసే వింటాను.

భారతీయ సంగీతంతో ఆయనకు ఏమైనా సంబంధం ఉందా?

నేరుగా లేదు. కానీ 1977లో వాయేజర్ వ్యోమనౌకల్లో పంపిన బంగారు పూత రికార్డులో 27 సంగీత ఖండాలుంటే, అందులో "జానీ బి. గుడ్" ఒకటి, కేసర్‌బాయి కేర్కర్ భైరవి రాగంలో పాడిన "జాత్ కహా హో" ఒకటి. రాక్ అండ్ రోల్ తరఫున వెళ్ళింది "జానీ బి. గుడ్" ఒక్కటే. వెళ్ళింది కూడా చెస్ నాటి అసలు రికార్డింగే.

ఇదే జాగ్రత్త మిగతా తొలితరం గాయకులకూ పనికొస్తుందా?

వస్తుంది. లిటిల్ రిచర్డ్‌వి స్పెషాల్టీ కంపెనీకి 1955 నుంచి 57 వరకు పాడినవి కావాలి. 1960ల మధ్యలో వీ-జేకు మళ్ళీ పాడినవి సంకలనాల్లో విపరీతంగా కలిసిపోయాయి. జెర్రీ లీ లూయిస్‌వి సన్ రికార్డ్స్‌వి తీసుకోండి. "గోల్డెన్ హిట్స్" పేరుతో స్మాష్ లేబుల్ మీద ఉన్నవి మళ్ళీ పాడినవి. ఎవర్లీ బ్రదర్స్‌వి కేడెన్స్‌వి అయితే అసలువి, 1964లో వార్నర్ వేసిన "వెరీ బెస్ట్"లో పాత హిట్లు కొత్తగా పాడినవి. బిల్ హేలీవి డెక్కా కంపెనీవి తీసుకోండి. బడ్డీ హోలీ 1959లోనే విమాన ప్రమాదంలో పోయాడు కాబట్టి తిరిగి పాడే ప్రశ్నే లేదు. ఆయన విషయంలో చూడాల్సింది వేరు: ఇంట్లో ఒంటరిగా గిటారుతో పాడుకున్న చివరి టేపుల మీద, చనిపోయాక వేరేవాళ్ళ వాయిద్యాలు కలిపిన రూపాలున్నాయి. ఏ సంకలనమైనా ఆ చివరి పాటల కింద "అన్‌డబ్డ్" (తర్వాత ఏమీ కలపనిది) అని రాసి ఉంటే అది తీసుకోండి.